నెత్తళ్లు ఎండాల్సింది ఇసుక మీద కాదు

సంపాదకులు గారికి నమస్కారం.

మూలపేట పోర్టు, బుడగట్లపాలెం ఫిషింగ్ హార్బరు, మంచినీళ్లపేట జెట్టీ గురించి జిల్లా పేజీల్లో తరచూ వార్తలు వస్తున్నాయి. మంచిదే. కానీ ఇవన్నీ పడవ ఒడ్డుకు చేరేదాకా అక్కరకొచ్చేవి. ఒడ్డుకు చేరిన చేప ఆ పూట అమ్ముడుపోకపోతే దాని గతేమిటన్నది ఎవరూ రాయడం లేదు. శ్రీకాకుళం జిల్లాకు 193 కిలోమీటర్ల తీరం ఉంది. ఇచ్ఛాపురం నుంచి ఎచ్చెర్ల దాకా, ఆపైన విజయనగరం జిల్లా పూసపాటిరేగ, భోగాపురం మండలాల్లోనూ, మిగిలిన చేప ఆడవాళ్ల చేతికే వస్తుంది. వాళ్లు దాన్ని ఇసుక మీద పరుస్తారు. సరుకు విలువ పడిపోయేది అక్కడే.

వేట ఊరు ప్రతిదానికీ నేలకు ఎత్తుగా ఎండబెట్టే మంచెలు, ఉప్పు తొట్లు, మంచినీటి కొళాయి, గాలాడే చిన్న గోదాము కావాలి. హార్బరుకయ్యే ఖర్చు ముందు వీటి ఖర్చు లెక్కలోకి కూడా రాదు. అయినా ఏ ప్రతిపాదనలోనూ ముందు వరసలో కనబడవు.

ఇసుకతో ఏం పోతుందో నెత్తళ్లనే చిన్న సముద్రపు చేపలతోనే చెప్పవచ్చు. నెత్తలి ఒళ్లంతా తడి, పైన జిగురు. పరిచిన క్షణంలోనే ఇసుక అంటుకుంటుంది. మొప్పల్లోకి, పొట్ట చీలిక దగ్గరికి చేరిన రేణువులు ఎండాక ఎంత జల్లించినా రాలవు. పైవైపు ఎండిపోయినా కిందవైపు తడి ఇసుకను ఆనుకుని పచ్చిగానే ఉంటుంది. ఈగ గుడ్లు పెట్టేది అక్కడే. ఒక రోజు మబ్బు పడితే మర్నాటికి పురుగు కనబడుతుంది. కుక్కలు, కాకులు, మేకలు తొక్కినది దానికి అదనం. కొనుగోలుదారు గుప్పెడు తీసి అరచేతిలో నలిపి చూస్తాడు. ఇసుక కనబడితే తూకంలో తరుగు కోస్తాడు. ఇసుక బాగా ఎక్కిన సరుకు మనుషుల తిండికి కాకుండా కోళ్ల దాణాకు, దాణా ధరకే పోతుంది. నాలుగు కిలోలు పైబడిన పచ్చి నెత్తళ్లు ఎండితేగాని కిలో ఎండు సరుకు రాదు. కిలో ఎండు సరుకు మీద తరుగు కోసినా, అది దాణాకు పోయినా, నాలుగు కిలోల వేట కష్టం మీద కోత పడినట్టే.

మంచె కట్టడం పెద్ద విద్యేమీ కాదు. సరుగుడు మన తీరమంతా పెరిగేదే. మూడడుగుల ఎత్తు గుంజలు పాతి, పైన అడ్డకర్రలు కట్టి, వాటి మీద సన్నకన్ను నైలాన్ వల బిగించాలి. వెడల్పు నాలుగడుగులు మించకూడదు, రెండు వైపుల నుంచీ చెయ్యి మధ్యదాకా అందాలి కదా. పొడవు ఎంతైనా పెట్టుకోవచ్చు. మంచెల మధ్య తట్ట పట్టుకుని నడిచేంత దారి వదలాలి. వల వదులైతే చేపలు మధ్యలోకి జారి కుప్పపడి, అక్కడే కుళ్లుతాయి. చదరపు మీటరుకు నాలుగైదు కిలోలకు మించకుండా, చేప మీద చేప పడకుండా ఒక్క పొరగా పరవాలి. గాలి కింద నుంచి కూడా తగులుతుంది కాబట్టి ఇసుక మీద కంటే త్వరగా ఎండుతుంది, వాసనా తక్కువే. మొదటి రోజు రెండేసి గంటలకు ఒకసారి తిరగేయాలి. పరిచే ముందు లీటరు నీటికి వంద గ్రాముల ఉప్పు కలిపిన నీళ్లలో పది నిమిషాలు ముంచి తీస్తే ఈగ తగ్గుతుంది, రంగు నిలుస్తుంది. వంచితే ఫట్‌మని విరిగితే ఎండినట్టు, సాగితే ఇంకా తడి ఉన్నట్టు.

గుంజలు మాత్రం శాశ్వతంగా పాతేయకూడదు. సిమెంటు అరుగులో ఇనుప గొట్టాలు దించి, వాటిలోకి గుంజలు దిగేట్టు చేస్తే తుపాను హెచ్చరిక రాగానే గుంజ లాగి, వల చుట్టి లోపల పెట్టుకోవచ్చు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస పరిసరాల్లో తీరం దాటినప్పుడు ఉద్దానం కొబ్బరి, జీడి తోటలు ఎలా అయ్యాయో అందరికీ తెలుసు. ఇక్కడ కట్టేది ఏదైనా ఆ గాలిని మనసులో పెట్టుకునే కట్టాలి.

ఇంత పట్టుబట్టి అడగడానికి కాలం కూడా ఒక కారణం. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. చేప గుడ్లు పెట్టే కాలం కనుక అది న్యాయమే. కానీ చేప ఎండడానికి ఏడాదిలో అతి మంచి ఎండ కాసేది కూడా అప్పుడే. నిషేధం ఎత్తేసేసరికి నైరుతి మేఘాలు వచ్చేస్తాయి. ఆ తర్వాత అక్టోబరు, నవంబరు తుపాన్లు. పుష్యమాసంలో రాత్రి మంచు. అంటే సరుకు చేతికొచ్చే రోజుల్లో చాలా భాగం ఎండకు భరోసా లేని రోజులే. చెమ్మ ఉన్న రోజున ఇసుక మీద పరిచిన చేప బతకదు. మంచె మీదైతే గాలి ఆదుకుంటుంది. ముసురు రోజులకు ఊరికొకటైనా సోలార్ డ్రయ్యరు ఉండాలి. అందులో ఒక చివర గాలి లోపలికి, రెండో చివర బయటికి పోయే కిటికీలు తప్పనిసరి. గాలి ఆడక వేడి 50 డిగ్రీలు దాటితే చేప ఎండదు, ఉడుకుతుంది. ఆ తర్వాత పట్టుకుంటే పొడి అవుతుంది. కేంద్రీయ మత్స్య సాంకేతిక సంస్థకు విశాఖపట్నంలోనే పరిశోధన కేంద్రం ఉంది. డ్రయ్యర్ల మీద ఆ సంస్థ చాలా పని చేసింది. వాళ్లను ఒకసారి మన ఊళ్లకు తీసుకురావాలి.

పెద్ద చేప సంగతి వేరు. సొర, కోనాం, కానాగంతలకు ఉప్పు పట్టాలి. వెన్ను వెంట చీల్చి, పేగులు, మొప్పలు తీసి, నెత్తురు పోయేదాకా కడిగి, మందంగా ఉన్నచోట కత్తితో గాట్లు పెట్టాలి. మూడు, నాలుగు కిలోల చేపకు కిలో ఉప్పు. తొట్టి అడుగున ఉప్పు, దాని మీద చేప, మళ్లీ ఉప్పు, అలా పొరలు పేర్చి పైన బరువు పెట్టాలి. కొన్ని గంటల్లో చేపలోంచి నీరు ఊరి ఉప్పునీరవుతుంది. చేప పూర్తిగా ఆ నీళ్లలో మునిగి ఉండాలి, పైకి తేలిన ముక్క దగ్గరే కుళ్లు మొదలవుతుంది. చిన్నవాటికి ఒక రోజు, మందమైనవాటికి రెండు మూడు రోజులు. తీసి, ఉప్పునీటితోనే ఒకసారి జాడించి, నీరు కారనిచ్చి మంచెకెక్కించాలి. మొదటి రోజే మండుటెండలో పెడితే పైచర్మం బిగిసి లోపలి తడి బయటికి రాదు. చూడ్డానికి ఎండినట్టే ఉంటుంది, వారం తిరక్కుండా లోపలి నుంచి వాసన వేస్తుంది. అందుకే తొలి రోజు నీడ పట్టునో లేత ఎండలోనో పెట్టి, రాత్రి కుప్ప వేసి పైన బరువుంచాలి. లోపలి తడి పైకి వస్తుంది, మర్నాటి ఎండ దాన్ని లాగేస్తుంది.

కానాగంతలు, సూరల (ట్యూనా) విషయంలో ఇంకో ప్రమాదం ఉంది. ఉప్పు పట్టకముందే అవి ఎండలో పడి ఉంటే వాటి మాంసంలో హిస్టమిన్ అనే హానికర పదార్థం పుడుతుంది. తర్వాత ఎంత ఉప్పు వేసినా, ఎంత ఉడికించినా అది పోదు. తిన్నవాళ్లకు ఒళ్లు ఎర్రబడి దద్దుర్లు వస్తాయి. కాబట్టి అమ్ముడుపోదని తేలిన చేపను సాయంత్రం దాకా ఆపకుండా అప్పుడే తొట్టికి చేర్చాలి, లేదా ఐసులో ఉంచాలి. వేసవిలో కిలో చేపకు కిలో ఐసు పడుతుంది.

ఉప్పు మనకు పక్కనే నౌపడలో పండుతుంది. ఇంత మంచి వసతి చాలా తీరాలకు లేదు. అయితే ఏ ఉప్పైనా చేపకు పనికిరాదు. మడిలో ఉప్పు గడ్డకట్టాక మిగిలే చేదునీటిని తోడెయ్యకుండా ఎత్తిన ఉప్పులో మెగ్నీషియం ఎక్కువ. అది గాలిలో చెమ్మను లాగుతుంది, ఎండిన చేపను మళ్లీ తడి చేస్తుంది, రుచి చేదెక్కిస్తుంది. తాటాకు కప్పిన గుట్టలో కొన్ని నెలలు నిలిచి, ఆ నీరు కారిపోయిన ఉప్పే చేపకు మేలు. వానాకాలం వేటకు గత వేసవి గుట్ట సరిగ్గా అందుతుంది. మరీ మెత్తని పొడి ఉప్పు ఒక్కటే వేస్తే చేప పైభాగం గట్టిపడి ఉప్పు లోపలికి దిగదు, కొంత గళ్లుప్పు కలపాలి. ఒకసారి వాడిన ఉప్పు, ఉప్పునీరు మళ్లీ వాడకూడదు. ఉప్పు చేప మీద గులాబీ రంగు జిగురు కనబడడానికి అదొక పెద్ద కారణం. ఉప్పులోనే బతికే సూక్ష్మజీవి అది. తొట్టికి ఒకసారి పడితే, వేడినీళ్లతో రుద్ది కడిగి ఎండలో పెట్టేదాకా వదలదు.

నిల్వలోనూ నష్టం జరుగుతుంది. ఒట్టి గోనె సంచి వాన రోజుల్లో చెమ్మ పీలుస్తుంది. లోపల పాలిథిన్ సంచి వేసి, చేప పూర్తిగా చల్లారాకే మూతి కట్టాలి. వేడి మీద కడితే లోపల చెమటపట్టి బూజు వస్తుంది. మూటలను నేల మీద కాకుండా చెక్కల మీద, గోడకు అడుగు దూరంలో పెట్టాలి. పురుగు కనబడితే మళ్లీ ఎండబెట్టడమే మందు. పురుగుమందు చల్లడం తినేవాడికి విషం పెట్టడమే. గోదాము లేనిచోట ఆ పని జరిగే అవకాశం ఎక్కువ కాబట్టే గోదాము అడుగుతున్నాం.

ఈ సరుకు తినేదెవరో కూడా గుర్తుంచుకోవాలి. ఎండు నెత్తళ్లు వంకాయల్లో వేసినా, గంజన్నంలోకి ఉప్పు చేప ముక్క కాల్చుకున్నా, మన జిల్లాల్లో కూలికి వెళ్లే ఇంటికి చవగ్గా దొరికే మాంసకృత్తులు ఇవి. సీతంపేట సంతకు కొండల మీద నుంచి దిగివచ్చే వాళ్లకు సముద్రం చేప అందేది ఈ రూపంలోనే. నెత్తలిని ముల్లుతో సహా నమిలేస్తారు, కాబట్టి కాల్షియం కూడా అందుతుంది. వాళ్ల కంచంలోకి ఇసుక పోకూడదు.

అధికారులు చెప్పే అడ్డంకి సాధారణంగా తీర ప్రాంత నియంత్రణ నిబంధనలు. 2011 నోటిఫికేషన్‌లో స్థానిక మత్స్యకారులకు కావలసిన వసతుల్లో చేపలు ఎండబెట్టే స్థలాలు, వలలు బాగుచేసుకునే చోట్లు, వేలం షెడ్లను పేరుపేరునా అనుమతించారు. నిబంధన అడ్డు రాదు. డబ్బు కోసం ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన ఉంది, అందులో మహిళా లబ్ధిదారులకు రాయితీ 60 శాతం దాకా ఇస్తారు. మిగతా వాటా బ్యాంకు రుణంగా ఇప్పించడం కష్టమేమీ కాదు.

కట్టే ముందు రెండు విషయాలు చూడాలి. స్థలం వేట ఒడ్డుకు నడిచి వెళ్లే దూరంలో ఉండాలి. ఊరికి అవతల ఎక్కడో కడితే తడి తట్ట నెత్తిన పెట్టుకుని అక్కడిదాకా ఎవరూ వెళ్లరు, అరుగు ఖాళీగా పడుంటుంది. రెండోది, తాళం ఎవరి దగ్గర ఉంటుందన్నది. కాంట్రాక్టరుకో, ఏలం పాడుకున్న వ్యాపారికో ఇస్తే రుసుము కట్టలేని వాళ్లు తిరిగి ఇసుక మీదకే పోతారు. ఎండబెట్టే ఆడవాళ్ల సంఘం పేరునే అప్పగించి, వంతులు, శుభ్రం, కొళాయి మరమ్మతు వాళ్లకే వదలాలి. అరుగులు, తొట్లు వేట నిషేధ కాలంలో కట్టేస్తే, జూన్ 15న పడవలు కదిలేనాటికి వాడకానికి సిద్ధమవుతాయి.

ఇట్లు,
ఎండుచేపల వ్యాపారం తెలిసిన పాఠకులు,
సంతబొమ్మాళి మండలం, శ్రీకాకుళం జిల్లా