సవరణకూ అంతే చోటు ఇవ్వండి

సంపాదకులు గారికి నమస్కారం.

నీళ్లలో మైక్రోప్లాస్టిక్ రేణువులను, అంటే అతి చిన్న ప్లాస్టిక్ ముక్కలను, వెతికి లెక్కపెట్టే ఒక ల్యాబ్‌లో తొమ్మిదేళ్లుగా పనిచేస్తున్నాను. పత్రికకు ఉత్తరం రాయడం ఇదే మొదటిసారి. పోయిన నెలలో ఒక రాత్రి, పదకొండు దాటాక మా చెల్లెలు ఫోన్ చేసింది. తనకు ఏడో నెల. "అక్కా, మనం వారానికో క్రెడిట్ కార్డంత ప్లాస్టిక్ తింటున్నామట కదా, నా కడుపులో బిడ్డకీ అదే పోతోందా?" అని అడిగింది. గొంతు వణుకుతోంది. పేపర్లో చదివిందట. ఆ టెన్షన్‌తో రెండు రాత్రులుగా నిద్ర లేదట. అప్పుడు తనకు చెప్పిన సంగతులే మీకూ రాస్తున్నాను.

ఆ క్రెడిట్ కార్డు మాట 2019 నాటిది. ఆస్ట్రేలియాలోని న్యూకాజిల్ విశ్వవిద్యాలయం వాళ్లు అంతకుముందు జరిగిన అధ్యయనాలన్నీ దగ్గర పెట్టుకుని వేసిన అంచనా అది. వాళ్లు చెప్పింది వారానికి 0.1 గ్రాము నుంచి 5 గ్రాముల దాకా అని. పై అంకె పట్టుకుంటే ఒక కార్డు, కింది అంకె పట్టుకుంటే కార్డులో యాభయ్యో వంతు. జనంలోకి వెళ్లింది పై అంకె ఒక్కటే. తర్వాత 2021లో నెదర్లాండ్స్‌లోని వాగెనింగెన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు ఇదే లెక్కను మరో పద్ధతిలో చేశారు. పెద్దవాళ్ల ఒంట్లోకి రోజుకు సుమారు 883 రేణువులు పోతున్నాయని, వాటి బరువు 583 నానోగ్రాములని వాళ్ల మధ్యస్థ అంచనా. అంటే వారానికి 4 మైక్రోగ్రాములు (గ్రాములో పది లక్షల వంతు ఒక మైక్రోగ్రాము, అందులో వెయ్యో వంతు ఒక నానోగ్రాము). మొదటి వార్తలోని 5 గ్రాములకూ దీనికీ తేడా పది లక్షల రెట్ల పైమాటే. ఈ రెండో లెక్క మా చెల్లెలి దాకా రానే లేదు.

ఇంత తేడా ఎలా వచ్చిందని మీరు అడగవచ్చు. మా పనిలో ముందు చేతికొచ్చేది సంఖ్య. లీటరు నీళ్లలో ఇన్ని రేణువులు అని. దాన్ని బరువుగా మార్చాలంటే ఒక్కో రేణువు ఎంత ఉంటుందో అనుకోవాలి. చిక్కంతా అక్కడే. ఒక మిల్లీమీటరు వెడల్పున్న ఒక్క గుండ్రటి రేణువు బరువూ, ఒక మైక్రాన్ (మిల్లీమీటరులో వెయ్యో వంతు) వెడల్పున్నవి వంద కోట్లు కలిపిన బరువూ సమానం. సగటు సైజు కాస్త పెద్దదిగా అనుకున్నామా, బరువు ఎక్కడికో వెళ్లిపోతుంది. వాగెనింగెన్ వాళ్లు ఒక్క సగటుతో సరిపెట్టకుండా సైజు, ఆకారం, సాంద్రత ఎలా మారుతుంటాయో అన్నీ లెక్కలోకి తీసుకున్నారు. అయినా వాళ్లదే ఆఖరి మాట అని నేను అనను. చేపలు, నీళ్లు, ఉప్పు, పాలు, గాలి వంటి తొమ్మిది మార్గాలనే వాళ్లు చూశారు. మైక్రాన్ కన్నా చిన్నవి ఆ లెక్కలో లేవు. 2024లో కొలంబియా విశ్వవిద్యాలయం వాళ్లు బాటిల్ నీళ్లను లేజర్ మైక్రోస్కోప్ కింద చూస్తే లీటరుకు సగటున 2.4 లక్షల రేణువులు కనిపించాయి. వాటిలో 90 శాతం ఆ అతి చిన్న రకమే. బరువు తక్కువ కాబట్టి భయం లేదని చెప్పే ధైర్యం నాకు లేదు, చెల్లెలికీ అలా చెప్పలేదు.

ఒక అంకె ఎంత సులువుగా తప్పుతుందో నా అనుభవమే చెబుతాను. మేము ప్రతి శాంపిల్‌తో పాటు ఒక బ్లాంక్ కూడా నడుపుతాం. అంటే శాంపిల్ బదులు శుభ్రమైన నీళ్లు తీసుకుని, అదే గరాటు, అదే ఫిల్టర్ కాగితం, అదే గదిలో మొదటి నుంచి చివరి దాకా అన్నీ అలాగే చేస్తాం. చేరిన కొత్తలో ఒకసారి నది నీళ్ల ఫిల్టర్ మీద 19 నీలి పోగులు లెక్కపెట్టాను. చాలా సంతోషంగా నోట్‌బుక్‌లో రాసుకున్నాను. ఆ తర్వాత బ్లాంక్ ఫిల్టర్‌ను మైక్రోస్కోప్ కింద పెట్టాను. అక్కడా అవే నీలి పోగులు, 14. గుండె గుభేలుమంది. ఏ పదార్థమో చెప్పే ఇన్‌ఫ్రారెడ్ పరికరంలో పెడితే అక్రిలిక్ అని తేలింది. ఆ రోజు కోటు లోపల నేను వేసుకున్న స్వెటర్‌ది కూడా అదే అక్రిలిక్, అదే నీలం. వారం రోజుల పని మళ్లీ మొదటికొచ్చింది. అప్పటి నుంచి ల్యాబ్‌కి నూలు బట్టలే వేసుకుంటున్నాను. బ్లాంక్ చూడకపోయి ఉంటే నా స్వెటర్ పోగులు నది ఖాతాలో పడేవి. అందుకే ఏ అధ్యయనం చదివినా నా కళ్లు ముందు వెతికేది బ్లాంక్‌లో ఎంత వచ్చిందన్నదే. మీ విలేకరులు కూడా శాస్త్రవేత్తలను ఆ ఒక్క ప్రశ్న అడిగితే ఎంతో బాగుంటుంది.

2024లో నల్ల ప్లాస్టిక్ గరిటెల వార్త గుర్తుండే ఉంటుంది. పాత ఎలక్ట్రానిక్ సామాను కరిగించిన ప్లాస్టిక్‌తో చేసిన వంటింటి వస్తువుల్లో, మంటలు అంటుకోకుండా కలిపే రసాయనాలు దొరికాయి. వాటిలో ఒకటి రోజుకు 34,700 నానోగ్రాములు ఒంట్లోకి పోవచ్చని, అమెరికా పరిమితి ప్రకారం 60 కిలోల మనిషికి 42,000 దాటకూడదని ఆ పత్రంలో రాశారు. పరిమితి కిలోకు 7,000. దాన్ని 60తో గుణిస్తే వచ్చేది 4,20,000. ఒక సున్నా జారిపోయింది. పత్రం రాసినవాళ్లే తప్పు ఒప్పుకుని సవరణ వేశారు. పరిమితి అంచున ఉందనుకున్నది నిజానికి పదో వంతు కూడా లేదు. అయితే ఆ రసాయనాలు వంటింటి వస్తువుల్లో ఉండకూడదన్న మాట మాత్రం సవరణ తర్వాతా నిలిచే ఉంది. మా చెల్లెలు అప్పుడే నల్ల గరిటెలన్నీ పారేసింది. పారేసినందుకు నాకేం బాధ లేదు. సవరణ సంగతి మొన్న నేను చెప్పేదాకా తనకు తెలియకపోవడమే బాధ.

సవరణలన్నీ ఊరటనిచ్చేవే ఉంటాయని అనుకోకండి. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో, గుడ్లు పెట్టడానికి సముద్రం నుంచి ఏరుల్లోకి ఎదురీదుతూ వచ్చే కోహో సాల్మన్ చేపలు, వాన కురిసిన కొద్ది గంటల్లోనే గుడ్లు పెట్టకుండానే చనిపోయేవి. ఏళ్ల తరబడి కారణం తెలియలేదు. రోడ్ల మీద నుంచి కొట్టుకొచ్చే వాననీళ్ల మీద అనుమానంతో, లోహాలు, చమురు కలిపి కృత్రిమంగా అలాంటి నీళ్లు తయారుచేసి వాటిలో చేపలను వదిలితే వాటికేమీ కాలేదు. చివరికి 2020 డిసెంబరులో దోషి దొరికింది. టైర్లు పగుళ్లివ్వకుండా 6పీపీడీ అనే రసాయనం కలుపుతారు. అది గాలిలోని ఓజోన్‌తో కలిసి 6పీపీడీ క్వినోన్‌గా మారుతుంది. టైరు అరిగిన పొడితో పాటు అది వాననీళ్లలో ఏటికి చేరుతుంది. లీటరుకు 0.8 మైక్రోగ్రాము ఉంటే సగం చేపలు చనిపోతాయని అప్పుడు రాశారు. ఆ రోజుల్లో పోల్చి చూసుకోవడానికి ఆ రసాయనం శుద్ధరూపంలో బజారులో దొరికేది కాదు. అది దొరకడం మొదలయ్యాక అదే బృందం మళ్లీ కొలిచింది. 2022లో వాళ్లే ఆ అంకెను 0.095కు దించారు. అంటే ముందు అనుకున్నదానికన్నా ఎనిమిది రెట్లు ఎక్కువ విషం! మొదటి వార్త చదివినవాళ్లలో ఎంతమంది ఈ రెండోది చదివి ఉంటారు? రోడ్ల మీద నుంచి వచ్చే ఆ వాననీటినే ఇసుక, కంపోస్టు, చెట్టు బెరడు ముక్కలు కలిపిన మట్టి గుండా వడగట్టి వదిలితే కోహో చేపలు బతికాయని కూడా అంతకుముందే తేలింది. నేను చదివిన వార్తల్లో ఆ సంగతి ఎక్కడా రాలేదు.

నా విన్నపం ఇదీ. ఒక అధ్యయనం గురించి వార్త వేసినప్పుడు పై అంకెతో పాటు కింది అంకె కూడా వేయండి. దేనితో కొలిచారో ఒక్క వాక్యం రాయండి. మెదడులో ప్లాస్టిక్ అంటూ 2025లో వార్తలు వచ్చాయి. అక్కడ కణజాలాన్ని బాగా వేడిచేసి విడగొట్టి కొలిచే పద్ధతి వాడారు. అలా వేడిచేస్తే పాలిథిన్ ఇచ్చే ముక్కల లాంటివే కొవ్వూ ఇస్తుంది. నీళ్లు తీసేశాక మెదడు బరువులో సుమారు సగం కొవ్వే. అందుకే ఆ అంకెల మీద శాస్త్రవేత్తల మధ్య వాదన నడుస్తోంది. ఈ రెండు ముక్కలు రాస్తే పాఠకులకు అర్థం కాదని అనుకోకండి. ఫోన్లో చెబితే మా చెల్లెలికి అర్థమైంది, తను చదివింది కామర్స్. సవరణ వచ్చినప్పుడు మొదటి వార్త వేసిన పేజీలోనే, అంతే పెద్దగా వేయండి.

ఆ రాత్రి మేము ఫోన్ పెట్టేసరికి ఒంటిగంట దాటింది. "మరి ఇదంతా పేపర్లో ఎందుకు రాయలేదక్కా?" అని అడిగింది చెల్లెలు. నా దగ్గర జవాబు లేకపోయింది. మీ విలేకరి ఎవరైనా ఏదైనా అధ్యయనం పట్టికలు అర్థం చేసుకోవాలంటే, పక్కన కూర్చుని చదివి చెప్పడానికి నేను సిద్ధం. సాయంత్రం ఆరు తర్వాత ఏ రోజైనా సరే.

ఇట్లు,
మీ పాఠకురాలు