పాత రంపం మిషన్ గట్టిదే, కానీ బ్రేక్ ఏది?

సంపాదకులకు నమస్కారం.

2018 అక్టోబరులో తిత్లీ తుపానుకి మన ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు కూలిపోయినప్పుడు రంపం మిషన్ల అవసరం ఎంతో అందరూ చూశారు. మా కోత పనివాళ్లలో చాలామంది ఇప్పటికీ పాత స్టిల్ కంపెనీ 070 మోడల్ లాంటిదే గట్టిదని, సైలెన్సర్ రంధ్రం పెద్దది చేసి సిలిండర్ పోర్టులు (గాలి, పొగ వచ్చిపోయే రంధ్రాలు) అరగదీస్తే కొత్తవేవీ దాని ముందు నిలవవని అంటారు. ఇది పూర్తిగా నిజం కాదు. 070 ఇంజిన్ 106 సీసీ, సుమారు 6.5 హార్స్‌పవర్. అదే కంపెనీ కొత్త ఎంఎస్ 661 అయితే 91 సీసీతోనే 7 దాటుతుంది, బరువూ బాగా తక్కువ. మార్పులు చేస్తే పవర్ పెరుగుతుంది, కానీ ఆ తర్వాత కార్బురేటర్ స్క్రూలు సరిగా తిప్పకపోతే పెట్రోల్, ఆయిల్ చాలక పిస్టన్ పట్టేస్తుంది. కొత్తవాటిలో కొన్ని రకాల్లో ఆ సర్దుబాటు మిషనే చేసుకుంటుంది. అది చెడితే మాత్రం మామూలు మెకానిక్ వల్ల కాదు, పాతదాన్నయితే స్క్రూడ్రైవర్‌తో ఊళ్లోనే నడిపించొచ్చు, అందుకే దాన్ని వదలరు.

నా బాధంతా చైన్ బ్రేక్ గురించే. బార్ (చైన్ తిరిగే పొడవాటి ఇనప పట్టీ) కొన దుంగకు తగిలి మిషన్ ఒక్కసారిగా మొహం మీదికి ఎగిరితే చైన్‌ని ఆపేది అదే, పాతవాటిలో చాలావాటికి అసలు ఉండదు. గాలికి మెలితిరిగి పడిన చెట్లు కోసేటప్పుడు ఈ ప్రమాదం ఇంకా ఎక్కువ. ఇసుక అంటిన కొబ్బరి మాను కోస్తే పళ్లు ఇట్టే మొద్దుబారతాయి, అప్పుడు ఏ ఇంజినైనా ఒకటే, ఆకురాయి పట్టాల్సిందే.

తుపాను పనులకు మిషన్లు పెట్టే అధికారులు చైన్ బ్రేక్ ఉన్నవే తీసుకోవాలి, కోసేవాళ్లకు హెల్మెట్లు, కాళ్లకు రక్షణ ప్యాంట్లు ఇవ్వాలి.

– ఒక చెట్ల కోత పనివాడు, కవిటి మండలం, శ్రీకాకుళం జిల్లా