నా మనవరాలు ‘వాణిజ్య అవసరం’ కాదు

కుట్టుమిషన్ల కంపెనీ కస్టమర్ సేవా విభాగం వారికి,

అయ్యా, అమ్మా (అటువైపు ఎవరుంటారో నాకు ఎప్పుడూ తెలియదు కాబట్టి ఇద్దరికీ),

మిషను సంగతి ఒక్క ముక్కలో చెప్పేస్తాను. కుట్టు మధ్యమధ్యలో వదిలేస్తోంది, గుడ్డ కింద దారం పిచ్చుక గూడులా ముద్ద కడుతోంది. అంతే. మోడల్ నంబరూ సీరియల్ నంబరూ మళ్ళీ రాయను. ఫోన్లో 9 సార్లు చదివాను, మెయిల్లో 4 సార్లు పంపాను. ఈపాటికి మీలో ఎవరో ఒకరికి నోటికొచ్చి ఉండాలి. మిషను పాడైందని నాకు కోపం లేదు, ఇనుమన్నాక మొరాయిస్తుంది. ఆ తర్వాత గడిచిన 11 వారాల గురించే ఈ ఉత్తరం.

మొదటిసారి మీకు ఫోన్ చేసిన రోజు మా మనవరాలికి 9 నెలలు. ‘మీ కాల్ మాకు ఎంతో ముఖ్యం’ అని ఒక గొంతు 22 నిమిషాలు చెప్పింది. ఆ లోపల నేను పిల్ల టోపీకి అంచంతా చేత్తోనే కుట్టేశాను. చివరికి ఒక అమ్మాయి పలికి, “ప్లగ్ పెట్టారా మేడమ్?” అంది. పెట్టానమ్మా. పెట్టకపోతే దారం ముద్ద ఎలా కడుతుంది?

రెండోసారి ఒక అబ్బాయి దొరికాడు. బాబిన్, అదే కింది దారం చుట్టి ఉండే చిన్న చక్రం, మార్చి చూడమన్నాడు. “బాబూ, కింద ముద్ద కడితే తప్పు ఎక్కువగా పైదారంలోనే ఉంటుంది. గుడ్డని నొక్కిపట్టే మిషను పాదం పైకెత్తి దారం మొదట్నించీ మళ్ళీ ఎక్కించాను. సూది మార్చాను. సాగే గుడ్డ కదా అని మొన గుండ్రంగా ఉండే సూదే పెట్టాను. బాబిన్ కేసు తీసి బ్రష్షుతో నూగు దులిపాను. అయినా అదే వరస” అని ఓపిగ్గా చెప్పాను. అటువైపు కాసేపు చప్పుడు లేదు. తర్వాత, “ఓకే మేడమ్, ఇప్పుడు బాబిన్ మార్చి చూడండి” అన్నాడు. ఆ అబ్బాయి నా మాట వినడం లేదనీ, ఎదురుగా ఉన్న కాగితం చదువుతున్నాడనీ అప్పుడు అర్థమైంది. పాపం, అతని తప్పేముంది, ఆ కాగితం రాసినవారు ఎప్పుడైనా సూదిలో దారం ఎక్కించారా అన్నదే నా అనుమానం.

మూడో ఆవిడ మాట మాత్రం మర్చిపోలేను. టెక్నీషియన్ వచ్చేదాకా పిన్నులతో సర్దుకోమంది. చేతికి చిక్కిందల్లా నోట్లో పెట్టుకునే పిల్ల ఒంటిమీద పిన్నులు! ఊడొస్తాయేమోనని నేను దాని గౌన్లకి గుండీలే పెట్టను. భుజాల దగ్గర ముందు ముక్కా వెనక ముక్కా ఒకదాని మీద ఒకటి పడేలా మెడ కత్తిరిస్తాను, తల సులువుగా దూరుతుంది. దేనికైనా తగులుకుని బిగుసుకుంటుందని మెడకి రిబ్బను కూడా కట్టను. మీ మిషను కుట్టు వదిలేస్తుంటే నా భయమూ అదే, ఎక్కడ ఏది ఊడొస్తుందోనని. నా రవిక అయితే ఒక కుట్టు ఊడినా సర్దుకుంటాను.

తర్వాత టెక్నీషియన్ ‘వచ్చారు’. నేను రాలేదంటాను గానీ మీ సందేశం వచ్చారనే అంటోంది: ‘కస్టమర్ అందుబాటులో లేరు.’ ఆ రోజు పొద్దున్న 9 గంటల నుంచి సాయంత్రం 6 దాకా వీధి తలుపు బార్లా తీసి, గుమ్మానికి ఎదురుగా కూర్చున్నాను. ఒళ్ళో పిల్ల లాగు, దాని నడుముకి ఎలాస్టిక్ ఎక్కిస్తున్నాను. నన్ను చూడకుండా లోపలికి రావాలంటే నన్ను దాటుకుని రావాలి.

ఆపైన ఫొటోలు. పంపాను, స్పష్టంగా లేవన్నారు. మా అమ్మాయి చేత తీయించి మళ్ళీ పంపాను. ఈసారి ఎంత స్పష్టంగా ఉన్నాయంటే, మిషను వెనక మంచం మీద మడతపెట్టి ఉన్న 6 చిన్న గౌన్లు, 2 టోపీలు, చొంగ గుడ్డల బొత్తి కూడా మీకు కనిపించాయి. మరునాడే జవాబొచ్చింది. ‘మీరు మిషనును వాణిజ్య అవసరాలకు వాడుతున్నట్టు గమనించాము. కావున వారంటీ వర్తించదు.’

ఎంత నిశిత దృష్టి! ఆ కళ్ళు దారం ముద్ద మీద పడి ఉంటే ఎంత బాగుండేది. నా గిరాకీ ఒక్కతే. కూలీ ఇవ్వదు, కొలతలు తీయనివ్వదు, టేపు లాక్కుని నములుతుంది. ఇదే వాణిజ్యమైతే నేను ఎప్పుడో దివాలా తీశాను.

ఆ జవాబుకి నేను రాసిన తిరుగు జవాబు ఎవరూ చదవలేదు. చదవలేదని ఎలా తెలుసంటే, గంట తిరక్కుండానే ‘మీ సమస్య పరిష్కరించబడింది, మాకు 5 స్టార్లు ఇవ్వండి’ అని సందేశం వచ్చింది.

ఇక్కడ ఇంకో సంగతి. పుట్టినప్పుడు సుమారు 50 సెంటీమీటర్లున్న పిల్ల ఏడాది నిండేసరికి 75 దాకా వస్తుంది. మీ ‘7 పనిదినాలు’ దానికి తెలియవు. మొదటి వారంలో కత్తిరించిన పసుపు గౌను అలాగే ఉంది. కింద మడుపు వెడల్పుగా వదిలాను కాబట్టి విప్పి పొడుగు పెంచుకోవచ్చు. చంక కొలత ఎక్కణ్ణించి తేను? నిన్న తొడిగి చూస్తే చేయి సగంలోనే ఆగిపోయింది. పిల్ల ఒక చేయి గౌనులో, ఒక చేయి బయట పెట్టుకుని గోడ పట్టుకు నడిచిపోయింది. అవును, ఈ లోపల నడక కూడా వచ్చేసింది. మీరు ఇంకా ‘పరిశీలనలో ఉంది’ దగ్గరే ఉన్నారు.

మీ కంపెనీ తొక్కుడు మిషను నా దగ్గర 27 ఏళ్ళుంది. మా అమ్మాయి బుగ్గచేతుల గౌన్ల నుంచి కాలేజీ బట్టల దాకా దాని మీదే కుట్టాను. అప్పుడప్పుడూ నాలుగు చుక్కల నూనె తప్ప అది నన్నేమీ అడగలేదు. 8 నెలల క్రితం మీ మాటలు నమ్మి, దాన్ని ఇచ్చేసి ఈ కరెంటు మిషను తీసుకున్నాను. ఆ పాతది మీ దగ్గర ఏ మూలనైనా పడి ఉంటే వెనక్కి ఇచ్చేయండి, గొడవ వదిలిపోతుంది. లేదా మనిషిని పంపండి. లేదా మిషను మార్చండి. ఏది చేసినా ముందు ‘వాణిజ్య అవసరం’ అన్న మాట తప్పని కాగితం మీద రాసివ్వండి, అది లేనిదే మిగతావేవీ ఒప్పుకోను. 10 రోజులు చూస్తాను. ఆ తర్వాత వినియోగదారుల కోర్టులో కలుద్దాం, ఆ 6 గౌన్లనూ సాక్ష్యంగా పట్టుకొస్తాను. ఈ లోపల, నా దగ్గర కుట్టు నేర్చుకునే ఆడవాళ్ళు ఏ మిషను కొనాలని అడిగితే ఏం చెప్పాలో నాకు తెలుసు. వాళ్ళ దగ్గర డబ్బు తీసుకోను. అదీ వాణిజ్యమని రాసేరు.

ఫోన్ చేసేటట్టయితే మధ్యాహ్నం 1 నుంచి 3 దాకా చేయకండి. పిల్ల పడుకుంటుంది.

ఇట్లు,
మీ ఫిర్యాదు టికెట్లన్నిటిలో ‘పరిష్కరించబడిన’ కస్టమర్