ఢీకొన్న తర్వాతి 55 నిమిషాలు: కేంద్ర నౌకాయాన మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కేంద్ర నౌకాశ్రయాలు, నౌకాయాన, జలమార్గాల శాఖ మంత్రి గారికి నమస్కారాలు.

సరుకు నౌకల్లో బ్రిడ్జి (నౌకను నడిపే గది) మీద వాచ్, అంటే కాపలా డ్యూటీ, చేసే తెలుగు అధికారులం ఈ లేఖ రాస్తున్నాం. 2025 నాటి వాణిజ్య నౌకాయాన చట్టానికి (మర్చంట్ షిప్పింగ్ యాక్ట్) నియమాలు రాసేటప్పుడు, ప్రమాదం జరిగిన తొలి ఐదు నిమిషాల గురించి అందులో స్పష్టంగా ఉండాలన్నది మా విన్నపం. ఎందుకో చెప్పడానికి ఒక్క కేసు చాలు.

2017 జూన్ 17 తెల్లవారుజామున 1.30 ప్రాంతంలో, జపాన్‌లోని యోకోసుకాకు నైరుతిగా 56 నాటికల్ మైళ్ల దూరంలో, అమెరికా యుద్ధనౌక ఫిట్జ్‌జెరాల్డ్, ఫిలిప్పీన్స్ జెండా ఉన్న కంటెయినర్ నౌక ఏసీఎక్స్ క్రిస్టల్ ఢీకొన్నాయి. దారి ఇవ్వాల్సింది యుద్ధనౌకే, ఎందుకంటే ఎదుటి నౌక దానికి కుడివైపున ఉంది. అది దారి ఇవ్వలేదు. వాచ్ అధికారి కెప్టెన్‌ను లేపలేదు, ప్రమాద సూచనగా ఐదు పొట్టి కూతలు వేయలేదు, వీహెచ్‌ఎఫ్‌లో (నౌకలు మాట్లాడుకునే రేడియో) ఎదుటి నౌకను పిలవనూ లేదు. ఇదంతా విచారణ నివేదికల్లో ఉంది.

క్రిస్టల్ ముక్కు కింది ఉబ్బు యుద్ధనౌకకు నీటిమట్టం కింద సుమారు 13 అడుగులకు 17 అడుగుల రంధ్రం చేసింది. 35 మంది నిద్రిస్తున్న గది నిమిషం, రెండు నిమిషాల్లో నిండిపోయింది. ఇద్దరు నావికులు నడుము లోతు నీళ్లలో నిచ్చెన దగ్గరే నిలబడి తోటివాళ్లను పైకి పంపారు. పై అంతస్తులోని వాళ్లు మూత బిగించబోతే పూర్తిగా పడలేదు, నీళ్లు అక్కడికీ వచ్చాయి. కెప్టెన్ గది నలిగిపోతే సుత్తితో తలుపు బద్దలుకొట్టి ఆయన్ను బయటికి తీశారు. లోపలున్న 35 మందిలో ఏడుగురు బతకలేదు.

యుద్ధనౌక రేడియో గదిలోనూ నీళ్లు చేరి, బయటి ప్రపంచంతో రేడియో సంబంధం తెగింది. అప్పుడు రేడియోలో మామూలుగా మాట్లాడగల నౌక రెండోదైన క్రిస్టలే. జపాన్ తీర రక్షక దళానికి ఆ నౌక నుంచి కబురు అందింది 2.25కి. దళం మొదట ఢీకొన్న సమయం 2.20 అనుకుంది, తర్వాత 1.30గా సవరించుకుంది. ఆ యుద్ధనౌక మునగకుండా నిలబడింది. నిలబడకపోయి ఉంటే 300 మంది చీకట్లో నీళ్లలో ఉండేవాళ్లు, వెతకాల్సిన తీర రక్షక దళానికి 2.25 దాకా కబురే ఉండేది కాదు.

కబురు ఆలస్యం కావడానికి బ్రిడ్జి మీద మాకు మామూలుగా కనిపించే కారణాలు ఇవి. వాచ్ అధికారి మాస్టర్ (సరుకు నౌక కెప్టెన్) వచ్చేదాకా ఆగుతాడు. మాస్టర్ ముందు కంపెనీకి శాటిలైట్ ఫోన్ చేస్తాడు. కంపెనీ బీమా వాళ్లనూ వకీలునూ అడుగుతుంది. ఈలోగా "మాట్లాడితే తప్పు ఒప్పుకున్నట్టు అవుతుందేమో" అన్న భయం.

చేయాల్సిన పని నిజానికి చిన్నది. జీపీఎస్‌లో ఎంఓబీ (మనిషి నీళ్లలో పడ్డాడని గుర్తుపెట్టే) బటన్ నొక్కితే స్థానం, సమయం నిలిచిపోతాయి. వీడీఆర్ (నౌక ప్రయాణ వివరాలు, మాటలు రికార్డు చేసే యంత్రం) సేవ్ బటన్ నొక్కాలి: పాత యంత్రాల్లో 12 గంటల తర్వాత పాత రికార్డు చెరిగిపోతుంది. మన నౌకే ప్రమాదంలో ఉంటే, రేడియోలో ఆపద అలారం పంపే డీఎస్‌సీ బటన్ ఎర్ర మూత ఎత్తి, అలారం వెళ్లేదాకా బటన్ నొక్కిపట్టుకోవాలి. మన నౌకకు ప్రమాదం లేకపోతే ఆ బటన్ జోలికి పోకుండా, ఎదుటి నౌక తరఫున వీహెచ్‌ఎఫ్ ఆపద ఛానెల్ అయిన 16లో మేడే రిలే (మరో నౌక ఆపద కబురు) చదవాలి. ఒకదాని ముక్కు మరొకదానిలో ఇరుక్కుంటే కంగారుగా ఫుల్ ఆస్టర్న్ (పూర్తి వేగంతో వెనక్కి) కొట్టకూడదు, రంధ్రానికి అడ్డం తొలగి నీళ్లు ఒక్కసారిగా లోపలికి పోతాయి.

అందుకే, వాచ్ అధికారి ఎవరి అనుమతీ అడగకుండా ఐదు నిమిషాల్లో ఎంఆర్‌సీసీకి (సముద్రంలో రక్షణ పనిని నడిపే కేంద్రం) తెలపాలని, ఆ తర్వాతే కంపెనీ ఫోను అని రాయండి. అలా తెలిపినందుకు అతని లైసెన్సు మీద చర్య ఉండదని కూడా రాయండి, అదే అసలు మందు. దీనికి ముందున్న 1958 చట్టంలో ప్రభుత్వానికి నివేదిక పంపడానికి ఉన్న 24 గంటల గడువు కాగితాలకు సరిపోతుంది, నీళ్లలో ఉన్న మనిషికి కాదు.

విశాఖ, కాకినాడల్లో చేపల బోట్లు నడిపే సరంగుల కోసం కూడా ఒక మాట. బోటును తాకిన పెద్ద నౌకకు కుదుపు తెలియకపోవచ్చు. రాడార్‌లో దగ్గరి గుర్తు ఉన్నట్టుండి మాయమైతే వేగం తగ్గించి వెనక్కి తిరిగి చూడటం, 16లో చెప్పడం తప్పనిసరి చేయండి. బోటుకు చేతి వీహెచ్‌ఎఫ్ ఇచ్చి, తీర రక్షక దళం 1554 నంబరును వీల్‌హౌస్‌లో (బోటు నడిపే గది) రాయించండి, తీరానికి దగ్గర్లో ఫోన్ పలికేచోట అదైనా పనికొస్తుంది.

నౌక పేరు, స్థానం చుట్టుపక్కల నౌకలకు తెలిపే ఏఐఎస్‌ను యుద్ధనౌకలు ప్రసారం చేయాల్సిన పనిలేదు. 2017 తర్వాత అమెరికా నౌకాదళం రద్దీ దారుల్లో దాన్ని వేయమని చెప్పింది. విశాఖ, ముంబయి ముఖద్వారాల్లో మన నౌకాదళమూ అలాగే చేసేలా రక్షణ శాఖతో మాట్లాడండి.

ముసాయిదా నియమాలను ప్రజాభిప్రాయానికి పెడితే, డ్రిల్ పట్టికతో సహా మా సూచనలు రాతపూర్వకంగా పంపుతాం.

ఇట్లు,
సరుకు నౌకల తెలుగు డెక్ అధికారులు