అభిమాని ఉన్న ఊరికే ఆట రావాలి

సంపాదకుల వారికి నమస్కారములు.

ఐపీఎల్, ప్రో కబడ్డీ వంటి వృత్తి క్రీడల లీగులకు ఆదరణ తగ్గిందన్న చర్చ వచ్చినప్పుడల్లా, సెల్‌ఫోన్ చేతికి వచ్చాక మూడు గంటలు ఒకచోట కూర్చుని ఆట చూసే ఓపిక ఈ తరానికి లేదని చాలామంది తేల్చేస్తున్నారు. తిరుపతి, చిత్తూరు ప్రాంతాల ప్రభుత్వ పాఠశాలల్లో వ్యాయామోపాధ్యాయుడిగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న నేను ఈ మాటతో ఏకీభవించలేను. ఆట మీద పిల్లల ఇష్టం ఎక్కడికీ పోలేదు. ఆటను నడిపేవారే అభిమానికి అందనంత దూరం జరిగిపోయారని నా అభిప్రాయం.

మా వీధి చివర ఖాళీ స్థలంలో బడి వదిలాక పిల్లలు ఈనాటికీ కబడ్డీ ఆడుతున్నారు. రైడుకు, అంటే కూతకు, వెళ్లినవాడు గీత దాటగానే మిగిలినవాళ్లు ముప్పై నుంచి వెనక్కి లెక్కపెడతారు. రెండు రైడ్లు ఖాళీగా పోతే, మూడోదానిలో పాయింటు తేకుంటే అవుటే కాబట్టి "డూ ఆర్ డై" అని అరుస్తారు. ప్రో కబడ్డీ నియమాలు వాళ్లకు కంఠతా వచ్చు. అయితే నిన్నటి మ్యాచ్‌లో ఎవరు గెలిచారని అడిగితే మాత్రం ఒక్కరూ చెప్పలేరు. ఫోన్లో పదిహేను సెకన్ల ముక్క చూశారు, అందులో ఒక రైడర్ నలుగురిని దాటుకుని వచ్చాడు, అంతవరకే వాళ్లకు తెలుసు. ఆ ముక్క చూసిన పిల్లవాడిని పూర్తి మ్యాచ్ దగ్గరకు, అక్కడి నుంచి గ్యాలరీకి నడిపించే దారి ఎవరూ వేయలేదు.

ఆటలో వేగం లేకపోవడం ఒక కారణమన్నది నిజమే. కానీ ఏది తగ్గించాలో తెలుసుకోవడం ముఖ్యం. అమెరికాలో మేజర్ లీగ్ బేస్‌బాల్ మ్యాచ్ 2022లో సగటున 3 గంటల 4 నిమిషాలు సాగేది. పరుగు తీసేవారు ఆగే బేసుల మీద ఎవరూ లేనప్పుడు 15 సెకన్లలో, రన్నర్ ఉన్నప్పుడు 20 సెకన్లలో పిచర్ బంతి విసిరి తీరాలని 2023లో నియమం పెట్టగానే సగటు సమయం 2 గంటల 40 నిమిషాలకు దిగింది, ఆ ఏడాది స్టేడియాలకు వచ్చిన ప్రేక్షకుల సంఖ్య 7 కోట్లు దాటింది. అక్కడ ఆటలో ఒక్క ఇన్నింగ్స్ కూడా కోయలేదు, మధ్యలో వృథాగా పోయే నిరీక్షణను మాత్రమే కోశారు. 2014లో మొదలైన ప్రో కబడ్డీని మన దేశంలో జనం అంత త్వరగా అక్కున చేర్చుకోవడానికి 30 సెకన్ల రైడు గడియారం కూడా ఇలాగే తోడ్పడింది. ఐపీఎల్‌లో మాత్రం ఒక్కో ఇన్నింగ్స్‌కు రెండేసి చొప్పున రెండున్నర నిమిషాల విరామాలు ఇస్తున్నారు, అంటే మ్యాచ్‌కు పది నిమిషాలు. వాటిలో టీవీ ముందున్నవారికి దక్కేవి ప్రకటనలే. తెలుగు వ్యాఖ్యానం వచ్చిందని సంతోషించినవారిలో నేనూ ఉన్నాను. కానీ సినిమా డైలాగులతో నింపే ఆ సమయంలో ఫీల్డర్‌ను ఎందుకు కదిపారో, కబడ్డీలో ఎడమ మూలన ఉన్న డిఫెండర్ ఎందుకు ఆగాడో ఒక్క మాట చెబితే కొత్తగా చూసేవాడికి ఆట అర్థమవుతుంది, అర్థమైన ఆటను ఎవరూ మధ్యలో వదిలి లేవరు.

అంతకంటే పెద్ద లోపం జట్లకు ఊరు లేకపోవడం. 2022 మార్చిలో కేరళ బ్లాస్టర్స్‌ను ఫైనల్లో ఓడించి ఇండియన్ సూపర్ లీగ్ ఫుట్‌బాల్ కప్పు తెచ్చిన హైదరాబాద్ ఎఫ్‌సీ, 2025లో పేరు మార్చుకుని ఢిల్లీకి తరలిపోయింది. పునరుద్ధరించిన హాకీ ఇండియా లీగ్‌లో హైదరాబాద్ తూఫాన్స్ 2025 ఫిబ్రవరిలో ఫైనల్ దాకా వెళ్లింది, కానీ ఆ లీగు మ్యాచ్‌లు రూర్కెలా, రాంచీలలోనే జరిగినందున ఆ జట్టు హైదరాబాద్‌లో ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. 2018లో హైదరాబాద్ హంటర్స్ గెలిచిన ప్రీమియర్ బ్యాడ్మింటన్ లీగ్ 2020 సీజన్‌తో ఆగిపోయింది. కబడ్డీలో తెలుగు టైటాన్స్ అంటే రాహుల్ చౌదరి అని పిల్లలు చెప్పుకునే రోజుల్లో, ఆరు సీజన్లు ఆడిన ఆ రైడర్ 2019లో తమిళ్ తలైవాస్ చొక్కా వేసుకున్నాడు. వేలం నియమాలు, నష్టాలు, స్పాన్సర్ల కొరత వంటి కారణాలు యాజమాన్యాలకు ఉండవచ్చు, వాటిని నేను కాదనను. అయినా ఏటేటా ఆటగాడు మారి, ఊరు మారి, చివరికి లీగు ఉంటుందో లేదో తెలియని స్థితిలో ఒక కుర్రవాడు ఏ జట్టును తనదనుకోవాలి? అభిమానం కుదురుకోవడానికి ఏళ్లు పడుతుంది. కనీసం ముగ్గురు నలుగురు ఆటగాళ్లను ఐదారేళ్లపాటు ఒకే జట్టులో నిలిపేలా వేలం నియమాలను సవరించడం, జట్టు తన పేరులోని ఊళ్లో ప్రతి సీజన్ కొన్ని మ్యాచ్‌లైనా ఆడి తీరాలని లీగులు షరతు పెట్టడం అసాధ్యమేమీ కాదు.

మా ప్రాంతం వారికి పెద్ద క్రికెట్ చూడాలంటే చెన్నైలోని చెపాక్ స్టేడియమే దిక్కు. రాత్రి ఏడున్నరకు మొదలైన మ్యాచ్ పదకొండున్నరకు ముగిస్తే, గుంపులోంచి బయటపడి మన వైపు బస్సులు దొరికే మాధవరం బస్టాండు చేరేసరికి ఒంటిగంట దాటుతుంది. పిల్లలతో, ఆడవాళ్లతో ఆ ప్రయాణం పెట్టుకునే కుటుంబాలు ఎన్ని ఉంటాయి? ఆన్‌లైన్లో టికెట్లు నిమిషాల్లో అయిపోయాయని చూపించి, అవే సీట్లు బయట మూడింతలకు దొరికే పరిస్థితిని ఎన్నో ఏళ్లుగా భరిస్తున్నాం. ఇంగ్లండ్ ఫుట్‌బాల్ ప్రీమియర్ లీగ్‌లో బయటి ఊరి నుంచి వచ్చే అభిమానుల టికెట్ 30 పౌండ్లకు మించకూడదని 2016లోనే క్లబ్బులన్నీ ఒప్పుకున్నాయి. దూరం నుంచి వచ్చేవాడు ఖర్చు పెట్టుకుని వస్తున్నాడన్న గౌరవం ఆ నిర్ణయంలో ఉంది. మన దగ్గర 2025 జూన్ 4న బెంగళూరు చిన్నస్వామి స్టేడియం బయట ఐపీఎల్ విజయోత్సవానికి వచ్చిన 11 మంది తొక్కిసలాటలో ప్రాణాలు కోల్పోయారు. అదే ఏడాది జనవరిలో వైకుంఠద్వార దర్శనం టోకెన్ల వద్ద ఆరుగురు భక్తులు మరణించిన తిరుపతిలో ఉంటున్నవారికి ఆ వార్త ఎలా తగిలిందో చెప్పనక్కర్లేదు. వచ్చే జనాన్ని ముందే అంచనా వేసి, గేట్లు, నీళ్లు, మరుగుదొడ్లు, తిరుగు బస్సులు సిద్ధం చేయలేని నిర్వాహకులు ఆదరణ తగ్గిందని బాధపడటం న్యాయం కాదు.

జనం వస్తారా అన్న సందేహం ఎవరికైనా ఉంటే, 2022 జనవరిలో మా తిరుపతి ఇందిరా మైదానంలో జరిగిన జాతీయ స్థాయి కబడ్డీ పోటీలను గుర్తుచేసుకోవాలి. సాయంత్రం అంగళ్లు కట్టేసి వచ్చినవారు, హాస్టళ్ల విద్యార్థులు, పల్లెల నుంచి ఆటోల్లో దిగిన కుటుంబాలు మెట్ల మీద పక్కపక్కనే కూర్చుని, ఏ రాష్ట్రం ఆడుతున్నదో చూడకుండా మంచి పట్టు పడితే చప్పట్లు కొట్టారు. మన పొరుగున తమిళనాడు ప్రీమియర్ లీగ్ క్రికెట్ 2016 నుంచి నడుస్తోంది. అది చెన్నైని పట్టుకుని కూర్చోకుండా దిండిగల్, తిరునెల్వేలి, సేలం, కోయంబత్తూరులకు మ్యాచ్‌లను తీసుకెళ్లింది. దిండిగల్‌కు సాధ్యమైనది తిరుపతికి ఎందుకు కాదు? రేణిగుంటలో విమానాశ్రయం ఉంది, దేశం నలుమూలల నుంచి రైళ్లు వస్తాయి, వసతికి కొరత లేదు. శ్రీనివాస క్రీడా సముదాయం, శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలోని తారకరామ స్టేడియం ఉన్నాయి. చిత్తూరులో మెసానికల్ మైదానం ఉంది.

మరో విషయం. సీజన్ ముందు ఎందరో ఆటగాళ్లు శ్రీవారి దర్శనానికి వస్తారు, ఆలయం ముందు వారి ఫొటో మరునాటి పత్రికల్లో వస్తుంది, వారు కొండ దిగి నేరుగా విమానం ఎక్కుతారు. దర్శనం వారి సొంత విషయం, దానికి ప్రచారం తగిలించమని నేను అడగను. అయితే జట్టు యాజమాన్యం అదే రోజు ఒక గంట కేటాయించి, చంద్రగిరిలోనో పాకాలలోనో ఒక ప్రభుత్వ పాఠశాల మైదానంలో వారిని పిల్లల మధ్య నిలబెడితే, కాలు ఎలా వెనక్కి తీయాలో, పట్టు ఎక్కడ బిగించాలో ఒక డిఫెండర్ నేలమీద చూపిస్తే, ఆ బడిలో చదివే ప్రతి పిల్లవాడూ ఆ సీజన్ మొత్తం ఆ జట్టు స్కోరు వెతుక్కుంటాడు. దీనికి యాజమాన్యాలకు పెద్ద ఖర్చు కూడా లేదు.

2025 ఆగస్టు చివర ప్రో కబడ్డీ 12వ సీజన్ విశాఖపట్నంలో మొదలైనందుకు ఆంధ్రప్రదేశ్ అభిమానులందరం సంతోషించాం. రాయలసీమకూ ఆ అవకాశం రావాలి. రాష్ట్ర క్రీడా ప్రాధికార సంస్థ, కబడ్డీ సంఘం, తిరుపతి నగరపాలక సంస్థ కలిసి తెలుగు టైటాన్స్ యాజమాన్యంతో మాట్లాడి, వచ్చే సీజన్‌కు ముందు కనీసం రెండు సన్నాహక మ్యాచ్‌లను సెలవు రోజుల్లో, సాయంత్రం ఐదు గంటలకు మొదలయ్యేలా తిరుపతిలో ఏర్పాటు చేయాలని, విద్యార్థులకు ప్రవేశం ఉచితం చేసి, చిత్తూరు, పీలేరు, శ్రీకాళహస్తి వైపు ఆట ముగిశాక ఆర్టీసీ బస్సులు నడపాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత వ్యాయామోపాధ్యాయుడు,
తిరుపతి.