వేళ తప్పితే బాకీ కాదు: మన ప్రార్థన సహవాసం వార్షిక నివేదిక

సభ్యులందరికీ ప్రభువు నామంలో వందనాలు.

రోజుకు ఏడు ప్రార్థన వేళల పట్టికతో సంవత్సరం మొదలుపెట్టాం. ముగిసేసరికి ఉదయం, మధ్యాహ్నం, సాయంత్రం మిగిలాయి. పడుకోబోయే ముందు చేసే ప్రార్థన ఇష్టమున్నవాళ్లకి. ఇది వెనకడుగని కార్యవర్గం అనుకోవడం లేదు.

ఏడు అనే లెక్క బైబిల్లో 119వ కీర్తన 164వ వచనంలోది. ఆరో శతాబ్దంలో ఇటలీ సన్యాసి బెనెడిక్టు తన మఠనియమంలో దాన్నే ఆధారంగా చూపి, వారానికి 150 కీర్తనలూ పూర్తయ్యేలా పంచాడు. అది పని చేసే చోటే నివసించే సన్యాసుల కోసం రాసిన నియమం. ఊరి సంఘాల కోసం 1549లో ఇంగ్లండ్ ఆర్చిబిషప్ క్రాన్మర్ ఆ వేళలన్నిటినీ ఉదయం, సాయంత్రం రెండింటికి కుదించి, కీర్తనలను 30 రోజులకు సర్దాడు. రోమన్ కథోలికులు 1971 ప్రార్థన క్రమంలో నాలుగు వారాలకు పంచుకున్నారు. గచ్చిబౌలిలో ఉద్యోగం, ఉప్పల్‌లో ఇల్లు ఉన్నవాళ్లకి మఠం పట్టిక ఇస్తే రెండో వారానికే పుస్తకం మూతపడుతుంది. అందుకే 30 రోజుల పట్టిక తీసుకున్నాం.

దాని అసలు బలం తేదీతో ముడిపడి ఉండడం. 1వ తేదీ ఉదయం 1 నుంచి 5, సాయంత్రం 6 నుంచి 8. 30వ తేదీ ఉదయం 144 నుంచి 146, సాయంత్రం 147 నుంచి 150. మూడు రోజులు తప్పినా నాలుగో రోజు క్యాలెండర్ చూసి ఆ తేదీ కీర్తన తెరవడమే. తప్పినవి కలిపి చదవొద్దని ఈసారి నియమంగానే పెట్టాం. బాకీ తీర్చుకోవాలని కూర్చున్నవాళ్లే ముందు మానేస్తారు: నిన్నటి 40 వచనాలు, ఇవాళ్టి 40 అయ్యేసరికి ఇరవై నిమిషాల ప్రార్థన కాస్తా అరగంట అవుతుంది, మర్నాడు కూర్చోవాలంటేనే భయం. 31వ తేదీకి 30వ తేదీవే మళ్లీ చదువుతాం. ఫిబ్రవరిలో 28తో ఆగితే 139 నుంచి 150 దాకా మిగిలిపోతాయి. 1662 ఇంగ్లిషు ప్రార్థన గ్రంథంలోనూ అంతే, పోనివ్వండి.

కీర్తనల గ్రంథంలో 2461 వచనాలు. 60 పూటలకు పంచితే పూటకు సగటున 41, నిదానంగా చదివితే పది నిమిషాలు. కానీ పంపకం సమానంగా ఉండదు. 15వ తేదీ సాయంత్రం 78వ కీర్తన ఒక్కటే 72 వచనాలు. పిల్లలున్న ఇళ్లు ఆ రోజు 39వ వచనం దగ్గర ఆపేయొచ్చు. రెండు పూటలూ కుదరనివాళ్లు ఒక నెల ఉదయం వరస, మరుసటి నెల సాయంత్రం వరస చదివితే రెండు నెలలకు గ్రంథం పూర్తవుతుంది.

మధ్యాహ్నం ప్రార్థన ఆఫీసులో రెండు నిమిషాల్లో అయిపోవాలి. 119వ కీర్తనలో ఆలెఫ్, బేత్ అంటూ హీబ్రూ అక్షరాల పేర్లతో 22 భాగాలు, భాగానికి 8 వచనాలు. 1 నుంచి 22 దాకా తేదీ సంఖ్యే భాగం సంఖ్య. 23 నుంచి తేదీకి 97 కలపండి: 23న 120వ కీర్తన, 31న 128. ఈ తొమ్మిది యాత్రకీర్తనలనూ బెనెడిక్టు పగటిపూట చేసే చిన్న ప్రార్థనలకే పెట్టాడు కాబట్టి ఇది మన సొంత కల్పనేమీ కాదు. పేతురు మిద్దె మీద ప్రార్థించింది రెండు జాముల వేళ (అపొ. కార్య. 10:9), దేవాలయానికి వెళ్లింది మూడు జాములకు (3:1). యూదులు పొద్దుపొడుపు నుంచి లెక్కించే ఆరో గంట, తొమ్మిదో గంట మన జాములతో ఇంత చక్కగా కలవడం చూసి ముచ్చటేస్తుంది.

సాయంత్రం వేళ మీద చాలా చర్చ నడిచింది. సూర్యాస్తమయానికే చేయాలన్నవాళ్ల వాదన అందమైనదే. అయితే హైదరాబాద్‌లో నవంబరు చివర్లో పొద్దు సుమారు 5:40కే కుంకుతుంది, జూలై మొదట్లో 6:55 దాకా ఉంటుంది. ఆ సమయానికి సగం మంది సభ్యులు మెట్రోలోనో ఫ్లైఓవర్ మీదో ఉంటారు. రాత్రి 8:30 అని గడియారానికే కట్టేశాం. అమెరికా షిఫ్టువాళ్లకి నిద్ర లేచిన వేళే ఉదయం, లేచినప్పటి తేదీయే తేదీ.

క్రమం ఇది: ప్రారంభ వచనం, త్రియేక స్తుతి (తండ్రికి, కుమారునికి, పరిశుద్ధాత్మకు మహిమ), కీర్తనలు, ఒక నిమిషం మౌనం, 15–20 వచనాల పాఠం, ఉదయమైతే జెకర్యా కీర్తన (లూకా 1:68–79), సాయంత్రమైతే మరియ కీర్తన (1:46–55), ప్రభువు ప్రార్థన, మూడు మనవులు. మొత్తం ఇరవై నిమిషాలు.

ప్రారంభ వచనం దగ్గరే తెలుగు అడ్డుపడింది. 51వ కీర్తన 15వ వచనంలో "నా పెదవులను తెరువుము" అని నడిపించేవారు, "నా నోరు నీ స్తుతిని ప్రచురపరచును" అని సంఘం పలకడం ఇంగ్లిషు ఆచారం. మన బైబిల్లో "ప్రభువా, నా నోరు నీ స్తుతిని ప్రచురపరచునట్లు నా పెదవులను తెరువుము" అని ఉంది. క్రియ చివర్లో ఉంది కాబట్టి సగానికి తెంచితే మొదటి సగం గాలిలో వేలాడుతుంది. ఇప్పుడు నడిపించేవారు వచనం మొత్తం చెప్తారు, మిగతావాళ్లు మొత్తం తిరిగి చెప్తారు. కీర్తనల్లోనూ ఇదే చిక్కు. రెండు వరసలుగా చదివేటప్పుడు వచనం మధ్యలో ఊపిరి ఎక్కడ ఆపాలో ముందే పెన్సిలుతో గీత పెట్టుకోండి; లేకపోతే ఒక వరస ముగించకముందే రెండోది అందుకుంటుంది. కీర్తనల మధ్యలో వచ్చే "సెలా" అనే హీబ్రూ మాట, పైన శీర్షికలో ఉండే "ప్రధానగాయకునికి" పైకి చదవొద్దు. సెలా వచ్చిన చోట ఒక్క ఊపిరి ఆగితే చాలు.

ఆన్‌లైన్ కూడికలో అందరూ కలిసి చదవడం మానేశాం. ఒక్కొక్కరి ఫోన్లో గొంతు ఒక్కోలా ఆలస్యంగా చేరడం వల్ల అది సంతలా వినిపిస్తుంది. ఒకరు చదవాలి, మిగతావాళ్లు మైకు ఆపి ఇంట్లోనే గొంతు కలపాలి.

సమయం మించిపోయేది ఎక్కువగా మనవుల దగ్గరే. మన అలవాటు అలాంటిది. ఆరంభించినాయన ప్రసంగంలోకి జారిపోతారు. మనవికి ఒక్క వాక్యం, పేరు, ఆమేన్. పెద్ద ప్రార్థనకు శుక్రవారం ఉపవాస కూడిక ఎటూ ఉంది. పుస్తకం చూసి చదివేది ప్రార్థనేనా అని అడిగేవాళ్లకి ఒకటే జవాబు: సిలువ మీద ప్రభువు పలికిన మాటల్లో రెండు 22, 31 కీర్తనల్లోవి.

శత్రువులను శపించే వచనాల విషయంలో ఏకాభిప్రాయం కుదరలేదు. 1971 కథోలిక క్రమం 58, 83, 109 కీర్తనలను పూర్తిగా వదిలేసింది. మన పట్టికలో అవి 11వ తేదీ ఉదయం, 16 సాయంత్రం, 22 సాయంత్రం వస్తాయి. ప్రస్తుతానికి కూడికలో చదువుతున్నాం. 28వ తేదీ సాయంత్రం 137వ కీర్తనలో చివరి రెండు వచనాలు మాత్రం పిల్లలుంటే వదిలేస్తున్నాం.

పడుకోబోయే ముందు ప్రార్థనకు 4, 91, 134 కీర్తనలు, మొత్తం 27 వచనాలు, ఏ రోజైనా అవే. 91 మనలో చాలామందికి నోటికి వచ్చినదే. మిగతా రెండిటిలో 11 వచనాలే కాబట్టి నెలలో పట్టుబడతాయి. పట్టుబడ్డాక పుస్తకం వద్దు, ఫోను వద్దు, లైటు వద్దు. అమీర్‌పేట హాస్టళ్లలో నలుగురున్న గదిలో ఉండేవాళ్లకి ఇంతకంటే వీలైనది లేదు.

పట్టిక కార్డుల్ని లామినేట్ చేయించడం పొరపాటైంది. ట్యూబులైటు కింద మెరుస్తాయి, పెన్సిలు గీత పడదు. కొత్తవి మామూలు మందపాటి అట్ట మీద పెద్దక్షరాలతో వేయిస్తున్నాం. జమాఖర్చుల కాగితం దీనికి జతచేశాం. పాత కార్డులు పారేయకండి, తేదీలు రెండింటిలోనూ ఒకటే.