పొన్నాత్త గోడు వినని ప్రేమకథ

సంపాదకులు గారికి,

నమస్కారములు. తమిళంలో వచ్చిన పల్లె ప్రేమకథా చిత్రాల గురించి మీ ఆదివారం అనుబంధంలో ఇటీవల ప్రచురించిన వ్యాసాన్ని శ్రద్ధగా చదివాను. భారతీరాజా 1985లో తీసిన ‘ముదల్ మరియాదై’, అంటే మన దగ్గర ‘ఆత్మబంధువు’ పేరుతో డబ్బింగ్ అయి వచ్చిన చిత్రం, ఆ వ్యాసంలో ప్రధాన స్థానం పొందడం నాకు సంతోషం కలిగించింది. అయితే వ్యాసకర్త ఆ కథను స్వచ్ఛమైన పల్లె ప్రేమగా కొనియాడి, కథానాయకుడి భార్య పొన్నాత్తను మాత్రం నోటిదురుసు మనిషి అని ఒక్క వాక్యంలో తేల్చివేశారు. ఆ ఒక్క వాక్యం మీద నాకున్న అభ్యంతరాన్ని, ఆ సినిమాను ఎంతో ఇష్టపడే మనిషిగానే, మీ పాఠకుల ముందు పెట్టదలచుకున్నాను.

సినిమా చూడని నేటి తరం వారి కోసం కథను క్లుప్తంగా చెబుతాను. పేర్లు తమిళ మూలంలోవే వాడుతున్నాను. ఊరి పెద్ద మలైచ్చామికి ఊరంతా గౌరవం ఇస్తుంది కాని ఇంట్లో మనశ్శాంతి లేదు. భార్య పొన్నాత్త నిత్యం సాధిస్తూ ఉంటుంది. బతుకుతెరువు వెతుక్కుంటూ తండ్రితో ఆ ఊరికి వచ్చి, ఏటి మీద జనాన్ని దాటించే కుయిల్ అనే పేదింటి అమ్మాయితో ఆయనకు మాట కలుస్తుంది, మనసూ కలుస్తుంది. ఆ వయసు తేడాను, ఊరి గుసగుసలను దాటుకుని ఆ బంధం ఎక్కడిదాకా వెళ్ళిందన్నదే కథ. ఆయన మర్యాద కాపాడటానికి కుయిల్ ఒక హత్య చేసి, ఎందుకు చేసిందో ఎవరికీ చెప్పకుండా జైలుకు వెళుతుంది. ఆమె రాక కోసం ఆయన ప్రాణం బిగబట్టుకుని మంచం మీద ఎదురుచూస్తూ ఉండగా సినిమా నడుస్తుంది.

ఈ చిత్రం గొప్పతనం గురించి వ్యాసకర్తతో నాకు పేచీ లేదు. గంభీరమైన సంభాషణలకు, నిండైన అభినయానికి పేరుపడ్డ శివాజీ గణేశన్ ఇందులో మలైచ్చామిగా దాదాపు గొంతు తగ్గించుకుని నటించారు. కుయిల్ గుడిసెలో కూర్చుని ఆమె వండిన చేపల కూర తినే ఘట్టాన్ని గుర్తు తెచ్చుకోండి. అది ఆకలి తీరుతున్న మనిషి ముఖం కాదు; ఎన్నో ఏళ్ళుగా తనకెవరూ ఆప్యాయంగా వడ్డించలేదన్న సంగతి తినేటప్పుడే తెలిసివచ్చిన మనిషి ముఖం. ఆ అమ్మాయి రేపిన పట్టుదలతో, ఈ వయసులో, ఎవరూ చూడకుండా రాతిగుండు ఎత్తడానికి పెనుగులాడే సన్నివేశంలోనూ అంతే. ఇళయరాజా సంగీతం ఆ ఏటి గట్టు గాలిలోనే పుట్టినట్టుంటుంది. పాటలకు వైరముత్తుకు జాతీయ పురస్కారం వచ్చింది, చిత్రానికి ఉత్తమ తమిళ చిత్రంగా జాతీయ పురస్కారం వచ్చింది. కుయిల్‌గా నటించిన రాధకు తమిళంలో గొంతు అరువిచ్చింది రాధిక అని చాలామందికి తెలియదు. ఆ ఇద్దరినీ తెరకు పరిచయం చేసినది భారతీరాజాయే కావడం విశేషం.

చెప్పులు కుట్టే ఇంటి ఆడపిల్లకూ తన బంధువుల అబ్బాయికీ మలైచ్చామి ముందు నిలిచి పెళ్ళి జరిపించడం కూడా ఆ కథలో ఉంది. కులం మాట ఎత్తకుండా పల్లె ప్రేమ గురించి మాట్లాడే సినిమాల మధ్య అది ధైర్యమే. ఆ పిల్లను నగల కోసం చంపినవాడు తన అల్లుడేనని తెలిసినప్పుడు, అల్లుడని చూడకుండా అతణ్ణి చట్టానికి అప్పగిస్తాడు. ఆ మర్యాదస్తుడి మీద మనకు గౌరవం కలిగేలా దర్శకుడు ప్రతి మలుపునూ అమర్చారు. సరిగ్గా అందుకే పొన్నాత్తకు జరిగినది మరుగున పడిపోయింది.

ఆమెకు ఏం జరిగింది? పెళ్ళికి ముందే ఆమె వేరొకరిని ప్రేమించి, అతని వల్ల గర్భవతి అవుతుంది. పరువు పోతుందన్న భయంతో ఆమె తండ్రి మేనల్లుడైన మలైచ్చామి కాళ్ళ మీద పడతాడు. మేనమామ మాట కోసం మలైచ్చామి ఆమె మెడలో తాళి కడతాడు, పుట్టిన బిడ్డను తన బిడ్డగానే పెంచుతాడు, భార్యతో మాత్రం ఏనాడూ కాపురం చేయడు. ఇది ఆయన త్యాగమని సినిమా చెబుతుంది, నిజమే. కాని ఆ ఒప్పందం ఇద్దరు మగవాళ్ళ మధ్య జరిగింది. ఒకరు తన పరువు కాపాడుకున్నారు, మరొకరు మాట నిలబెట్టుకుని మహానుభావుడయ్యారు. మధ్యలో ఉన్న ఆడమనిషి, మనసిచ్చిన వాడు దక్కక, కట్టుకున్న వాడు దగ్గరికి రానివ్వక, కృతజ్ఞతతో బతకవలసిన ఇంట్లో జీవితమంతా గడిపింది. అలాంటి మనిషి నోట తీయని మాటలు రావాలని ఎలా ఆశిస్తాం?

కథ మలైచ్చామి జ్ఞాపకాల మీదుగా నడుస్తుంది కనుక, భార్య పక్షం వినిపించకపోవడం సహజమేనని ఎవరైనా అనవచ్చు. ఆ వాదనలో కొంత బలముంది. అయినా పక్కవారి మనసు కూడా కనిపించేలా జ్ఞాపకాన్ని చిత్రించగల శక్తి భారతీరాజాకు లేకపోలేదు. అందుకు సాక్ష్యం ఆయన మొదటి సినిమాయే. 1977లో వచ్చిన ‘పదినారు వయదినిలే’ను మరుసటి ఏడాదే కె. రాఘవేంద్రరావు ‘పదహారేళ్ళ వయసు’గా తెలుగులో తీశారు, రెండింటిలోనూ శ్రీదేవే నటించింది. పట్నం నుంచి వచ్చిన డాక్టరు మాటలు నమ్మి మోసపోయిన పల్లె పిల్ల కథ అది. ఊరు ఆమెను వేలెత్తి చూపినా దర్శకుడు ఆమె చేయి వదలలేదు. కుంటివాడని అందరూ ఎగతాళి చేసే మనిషిలో ఆమె అండ వెతుక్కోవడాన్ని ఆమె కళ్ళతోనే చూపించారు. ఎనిమిదేళ్ళ తర్వాత, దాదాపు అదే స్థితిలో ఉన్న మరో స్త్రీ ఆయన కథలోకి వచ్చినప్పుడు, ఆమెకు దక్కినవి తిట్లు, శాపనార్థాలు మాత్రమే. వ్యాసకర్త ఈ రెండు చిత్రాలనూ ప్రస్తావించారు కాని పక్కపక్కన పెట్టి చూడలేదు.

పరకాల దగ్గర మా బంధువుల ఇంట్లో ఈ సినిమా టీవీలో వస్తుండగా, పత్తి చేలల్లో జీవితమంతా వంగి పనిచేసిన ఒక పెద్దామె మా పక్కన కూర్చుని చూసింది. మేమంతా శివాజీ నటన గురించి మాట్లాడుకుంటుంటే ఆమె, “ఆయన మంచోడే బిడ్డా, కాదంటలే. మరి ఆమె గోస ఎవలు సూశిండ్రు?” అన్నది. సినిమా విమర్శలో నేను చదివిన ఏ వాక్యమూ ఆ చిత్రం లోటును అంత సూటిగా పట్టుకోలేదు.

నేను ఈ జిల్లాల్లో ప్రభుత్వ జూనియర్ కళాశాలల్లో తెలుగు చెప్పి విశ్రాంతి తీసుకుంటున్న దానిని. ఇంటర్మీడియట్ రెండో సంవత్సరం మధ్యలో, ఎవరో అబ్బాయితో బస్టాండులో మాట్లాడుతుండగా చూశారన్న పుకారు చాలు, దసరా సెలవులు ముగిసేసరికి ఆ పిల్ల మేనబావ భార్య అయిపోయేది. హాజరు పట్టీలో ఆ పేరు ఎదుట వరుసగా గైర్హాజరు గుర్తులు పడుతూ ఉండేవి, తోటి పిల్లలు కారణం చెప్పడానికి తల దించుకునేవారు. ఆ పెళ్ళిళ్ళు చేసిన తండ్రులు చెడ్డవారు కారు, మేనమామ మాట కాదనలేక తాళి కట్టిన కుర్రవాళ్ళూ చెడ్డవారు కారు. ఊరి పెద్దమనుషులు కూడా పరువు నిలబడిందనే అనుకునేవారు. ఆ పిల్లలు ఇప్పుడు ఏ ఇళ్ళలో ఎలా మాట్లాడుతున్నారో, వారిని ఎవరు నోటిదురుసు వారంటున్నారో తలుచుకుంటే నాకు పొన్నాత్తే గుర్తుకొస్తుంది. మన ఊళ్ళలో ఈ సంగతి ఇంత దగ్గరగా తెలిసిన వారు, తమిళ పల్లె నేటివిటీ మనకు పరాయిది అన్న మీ వ్యాసంలోని మాటను ఒప్పుకోలేరు. ఆ సినిమాలోని ఏటి గట్టు కూడా తమిళనాడులోది కాదు, కర్ణాటకలో కావేరి ఒడ్డున తలకాడు ప్రాంతంలో తీశారు. అయినా మదురై వారూ తమ ఊరే అనుకున్నారు, మనమూ అనుకున్నాం.

పల్లెలో ప్రేమ స్వచ్ఛంగా ఉంటుందన్న భావన కూడా నాకు సరిగా తోచదు. పల్లెలో ప్రేమ ఇద్దరి వ్యవహారంగా మిగలదు. కులం, భూమి, మేనరికం, పంచాయితీ అన్నీ అందులోకి వస్తాయి. 2007లో అమీర్ తీసిన ‘పరుత్తివీరన్’ ఆ నిజాన్ని ఏ మెరుగూ పెట్టకుండా చూపించింది. కన్నతండ్రి చేతిలో దెబ్బలు తింటూ కూడా తన మాట మీద నిలబడే ముత్తళగు పాత్రకు ప్రియమణి జాతీయ ఉత్తమ నటి పురస్కారం అందుకున్నది. ఆ చిత్రం ముగింపు చూడలేనంత కఠినంగా ఉంటుంది, ఆ కాఠిన్యం అవసరమా అన్న చర్చ వేరు. కాని ‘మల్లిగాడు’గా తెలుగులోకి వచ్చిన ఆ సినిమాను మీ వ్యాసం ఒక్క పంక్తిలో ముగించింది.

చివరిగా ఒక మనవి. ఈ శీర్షిక కొనసాగుతుందని ప్రకటించారు కనుక, తరువాతి భాగాల్లో ఒకదాన్ని వడివుక్కరసికి కేటాయించండి. పొన్నాత్తగా నటించే నాటికి ఆమెకు ముప్పై ఏళ్ళు కూడా లేవు. యాభై ఆరు దాటిన శివాజీ గణేశన్ ఎదుట, ఆయనకు తగిన ఈడు భార్యగా, సానుభూతి ఏమాత్రం దక్కని పాత్రలో ఆమె నిలబడింది. రచయిత ఇవ్వని దుఃఖాన్ని ఆమె అక్కడక్కడ కళ్ళలో చూపించింది. తిట్టు తిట్టిన తర్వాత క్షణంపాటు ఆగి మొగుడి వైపు చూసే ఆ చూపులను మరొకసారి గమనించమని వ్యాసకర్తకు నా తరఫున చెప్పండి.

ఇట్లు,
విశ్రాంత తెలుగు అధ్యాపకురాలు,
హనుమకొండ.